కరువు అని కొడితే మేమెందుకు రాం?

మేము రాయచోటి సాయిబులం. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, రాసేది తెలుగు. కువైట్ నుంచి మా పిల్లలు ఫోన్లో మాట్లాడేది ఈ రెండూ కలిసిన భాష. అలాంటి మేము ఒకరోజు కంప్యూటర్ ముందు కూర్చొని ఒక డిజిటల్ లైబ్రరీలో 'ముస్లిం' అని కొట్టాం. ఏమొచ్చింది? దండయాత్రలు, నవాబులు, దేశ విభజన, మతగ్రంథాలు. దూది ఏకిన తాత రాలేదు. బీడీలు చుట్టిన అమ్మీ రాలేదు. మాతోపాటు పీర్లనెత్తుకున్న హిందూ అన్నలూ రాలేదు.

'ఉగ్రవాదం' అని కొడితే పిలవకుండానే వస్తాం. 'కరువు' అని కొడితే రాం. 'వలస' అని కొడితే రాం. కరువు మా గడప తొక్కకుండా పోయిందా?

యంత్రం తప్పని చేతులు దులుపుకోకండి. ఏ పుస్తకానికి ఏ మాట తగిలించాలో యంత్రానికి చెప్పింది మనిషే.

చెక్క బీరువా కాలంలో ఒక పుస్తకానికి ఒకే చోటు. మెల్విల్ డ్యూయీ 1876లో మొదలుపెట్టిన దశాంశ పద్ధతిలో 200 నుంచి 299 దాకా మతాలవి. వాటిలో 220 నుంచి 289 దాకా బైబిలుకూ క్రైస్తవానికే పోయాయి. ఇస్లాంకు మిగిలింది 297. చోటు చాలదన్నారు, విన్నాం. డిజిటల్ లైబ్రరీకి ఆ సాకు లేదు. అక్కడ అర అంటే ఒక వెతుకుడు మాట. ఆ మాటను భద్రం చేసి పెడితే, అది తగిలిన పుస్తకాలన్నీ ఒక కలెక్షన్ అవుతాయి. ఒకే పుస్తకం పది అరల్లో ఉండొచ్చు. మరి మమ్మల్ని ఒక్క మూలకే ఎందుకు నెడుతున్నారు?

2000ల తొలి ఏళ్ల నుంచి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా లాంటి ప్రయత్నాలతో తెలుగు పుస్తకాలు వేలుగా స్కాన్ అయ్యాయి. మంచిదే. కానీ స్కాన్ చేసినంత మాత్రాన పుస్తకం దొరకదు. ఖాదర్ ఒకచోట 'కే'తో, ఇంకోచోట 'క్యూ'తో. షేక్‌కు ఎన్ని స్పెల్లింగులో లెక్కే లేదు. కడప కథకుడు సత్యాగ్ని అసలు పేరు షేక్ హుస్సేన్. శశిశ్రీ అసలు పేరు రహంతుల్లా. కలం పేరు మాత్రమే ఎక్కించిన చోట వీళ్లిద్దరూ ఏ ముస్లిం అరలోకి వస్తారు? ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది. పేరును మాత్రమే చూసే యంత్రం దాన్ని చర్మవ్యాధుల్లో కలిపినా ఆశ్చర్యం లేదు.

సెక్యులర్ మిత్రులు అడుగుతారు: సాహిత్యానికి మతం అరలెందుకని. మేమడిగేది వేరు కుంపటి కాదు. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా'కు 2012లో సాహిత్య అకాడమీ యువ పురస్కారమొచ్చింది, తెలుగు కథగానే. అది 'ముస్లిం' అంటే రావాలి, 'రాయలసీమ' అంటే రావాలి, 'కడప' అంటే రావాలి, వట్టి 'తెలుగు కథ' అన్నా రావాలి. మొదటి అరలో మాత్రమే ఉంచితే అది వెలి. అందులోంచి తీసేస్తే అది మాయం చెయ్యడం. రెండూ మాకొద్దు.

మా తప్పూ ఒప్పుకుంటాం. ఉర్దూ రాని దూదేకుల సోదరుణ్ని సగం ముస్లింగా చూసినవాళ్లం మేమే. రేపు మాటల పట్టీ మా చేతికొస్తే నూర్‌బాషాల్ని మళ్లీ వాకిట్లో నిలబెడితే, మాకూ మీకూ తేడా ఏముంది?

అందుకే మాటలు మేమిస్తాం, రాసుకోండి: పీరు, దర్గా, ఉరుసు, ఫాతెహా, దూదేకుల, నూర్‌బాషా, బీడీ, కువైట్, కరువు. తెలుగు లిపిలో, ఉర్దూ లిపిలో, ఇంగ్లీషు స్పెల్లింగులన్నిట్లో రాయండి. అసలు పేరు బయటపెట్టుకున్న రచయితకు రెండు పేర్లూ తగిలించండి. ఏ మాటతో ఏ అర కట్టారో చదివేవాడికి కనబడేట్టు పెట్టండి, తప్పయితే నిలదీస్తాం.

రాయచోటి పిల్ల రేపు ఫోన్లో తన ఊరిని వెతుక్కుంటుంది. ఆ పిల్లకు దండయాత్ర కాదు, నానమ్మ దొరకాలి.