తొందర వేరు, వేగం వేరు

బంతి భోజనాల దగ్గర వడ్డన మీరు చూసే ఉంటారు. ఆకుల ముందు జనం కూర్చున్నాక కందిపప్పు కోసం బజారుకు పరుగెత్తేవాడు ఎంత చురుకైనవాడైతే మాత్రం ఏం లాభం? తొందర వేరు, వేగం వేరు. వేగమంతా వడ్డనకు ముందు వంటశాలలోనే ఉంటుంది.

కంప్యూటరు ఆటలు రాసేవారికి ఈ సంగతి బాగా పనికివస్తుంది. ఇంజనీరింగు చదువుతున్న మా మేనకోడలు జావా భాషలో ఒక బొమ్మలాట రాసింది. అందులో కోతి గెంతడానికి బదులు కుంటుతోంది. "ఈ కంప్యూటరు పాతదైపోయింది మామయ్యా, కొత్తది కొనాల్సిందే" అంది. మా బావగారు అప్పు చేయడానికి కూడా సిద్ధపడ్డారు. ముందు ప్రోగ్రాము చూపించమన్నాను. తెలుగు మాస్టారికి జావా ఏమిటనకండి. వ్యాకరణ సూత్రాలతో తలపడినవాడికి ఏ సూత్రాలన్నా భయముండదు.

లెక్క చూడండి. తెర సెకనుకు 60 సార్లు మారాలంటే, ఒక్కొక్క దృశ్యానికి దక్కేది సెకనులో అరవయ్యో వంతు. 800 చుక్కల వెడల్పు, 600 చుక్కల ఎత్తు గల తెరలో మొత్తం 4,80,000 చుక్కలు. ఆ కాస్త వ్యవధిలోనే అన్నీ నింపాలి. మా పిల్ల ప్రోగ్రామేమో గీసిన ప్రతిసారీ కోతి బొమ్మను డిస్కు నుంచి కొత్తగా చదివి, సగానికి కుదిస్తోంది. పప్పు కోసం సెకనుకు అరవై పరుగులన్నమాట!

మందు సులువే. ఆట మొదలు కాకముందే బొమ్మను ఒక్కసారి చదివి, కావలసిన కొలతకు కుదించి, తెర రంగుల పద్ధతికి సరిపడేలా మార్చి దాచుకోవాలి. ఈ చివరి పనికి జావాలో 'క్రియేట్ కంపాటిబుల్ ఇమేజ్' అనే సదుపాయం ఉంది. ఇక, సగం గీసిన బొమ్మ కంటబడితే తెర మినుకుమంటుంది. నాటకంలో రంగం సర్దాకే తెర ఎత్తినట్లు, చాటున పూర్తిగా గీసి ఒక్కసారిగా చూపాలి. 2002లో వచ్చిన జావా 1.4 ఇందుకు 'బఫర్ స్ట్రాటజీ'ని ఇచ్చింది. ఒక్క జాగ్రత్త: బొమ్మలోని చుక్కల పట్టికను బయటికి తీసి నేరుగా దిద్దబోతే, దాని నకలును గ్రాఫిక్సు కార్డులో దాచిపెట్టే ఉపకారం జావా మానుకుంటుంది.

మేనకోడలు ఆ నాలుగు పంక్తులూ మార్చింది. కోతి గెంతింది, అప్పు తప్పింది.

యంత్రం చాలదనుకునే ముందు, ఒకసారి చేస్తే చాలే పనిని దానిచేత ఎన్నిసార్లు చేయిస్తున్నామో లెక్క వేసుకోవడం మంచిది. ఆ లెక్కకు ఖర్చేమీ కాదు.