పేరులేని మాత్రలు - పొంచి ఉన్న ముప్పు

వరినాట్ల రోజులు వస్తే పల్లెల్లో మందుల షాపులకు, ఆర్.ఎం.పి.ల ఇళ్ళకు గిరాకీ పెరగడం ఏటా చూస్తున్నదే. పొద్దుగూకే దాకా బురదలో వంగి నాట్లు వేసిన కూలీకి నడుం నొప్పి, దానికి తోడు వానాకాలపు జ్వరం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి రావాలంటే ఒక పూట కూలి పోతుంది. అందుకే సాయంత్రం దారిలో షాపు వద్ద ఆగి "ఒక రోజుకు మాత్రలు కట్టండి" అని అడుగుతారు. షాపు వారు నాలుగు అట్టల నుంచి తలా ఒక ముక్క కత్తిరించి, కాగితంలో పొట్లం కట్టి ఇస్తారు. ఒక తెల్ల మాత్ర, ఒక పసుపు మాత్ర, ఒక గొట్టం మాత్ర. వాటి పేర్లు కొన్నవారు అడగరు, అమ్మినవారు చెప్పరు.

ఈ పొట్లంలో సాధారణంగా ఉండేవి రెండు రకాలు. ఒకటి నొప్పి, జ్వరం తగ్గించేది. రెండవది యాంటీబయాటిక్. జనం దీనినే 'పవర్ మాత్ర' అంటున్నారు. రెండూ కలిపి వేసుకోవడమే తప్పని కాదు. డాక్టరు అమాక్సిసిల్లిన్ వంటి యాంటీబయాటిక్ రాసినప్పుడు, జ్వరానికి పారాసిటమాల్ కూడా వేసుకోవచ్చు. చిక్కంతా పొట్లంలోని తెల్ల మాత్ర పారాసిటమాలా, మరొకటా అన్నది తెలియకపోవడంలోనే ఉంది.

ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటి నొప్పుల మాత్రల సంగతి వేరు. ఇవి కడుపులో పుండ్లు చేసి రక్తం పోయేట్లు చేయగలవు. మూత్రపిండాలను దెబ్బ తీయగలవు. చెమటోడ్చి, నీళ్ళు చాలినంత తాగని వారికి, ముసలివారికి, బి.పి. మందులు వాడేవారికి ఈ ముప్పు ఎక్కువ. సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్‌లతో వీటిని కలిపితే కొందరికి, ముఖ్యంగా మూర్ఛ ఉన్నవారికి, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. జెంటామైసిన్, అమికాసిన్ సూది మందులు అసలే మూత్రపిండాలకు భారం. అదే పూట నొప్పికి డైక్లోఫినాక్ సూది కూడా వేస్తే భారం రెట్టింపు అవుతుంది.

వానాకాలపు జ్వరం డెంగీ కూడా కావచ్చు. డెంగీలో ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వాడితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే వాడాలి. డెంగీ, జలుబు వంటివి వైరస్ వల్ల వచ్చేవి కనుక వాటికి యాంటీబయాటిక్ పని చేయదు. ఇక పిల్లల సంగతి. నిమెసులైడ్ మందును 12 ఏళ్ళ లోపు పిల్లలకు వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2011లోనే నిషేధించింది. పొట్లంలో అది ఉందో లేదో తల్లికి ఎలా తెలుస్తుంది?

పారాసిటమాల్‌కు కూడా హద్దు ఉంది. పెద్దవారు 24 గంటల్లో 4000 మిల్లీగ్రాములు దాటరాదు. అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలయితే 8, 650వి అయితే 6. ఇది పై హద్దే గాని అంత వేసుకోమని కాదు. మాత్రకూ మాత్రకూ కనీసం 4 నుంచి 6 గంటల ఎడం ఉండాలి. సారా తాగేవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి ఇంకా తక్కువే. చాలా జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ కలిసి ఉంటుంది. పేరు తెలియక రెండు చోట్ల నుంచీ వేసుకుంటే హద్దు దాటి కాలేయం పాడవుతుంది.

చట్టం లేక కాదు. 1945 నాటి మందుల నియమాల ప్రకారం యాంటీబయాటిక్‌లను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదు. వాటిలో కొన్నిటి అమ్మకాలను వేరే రిజిస్టరులో రాసి 3 ఏళ్ళు ఉంచాలన్న నియమం 2014 మార్చి నుంచి అమలులో ఉంది. యాంటీబయాటిక్ అట్టలపై జనం గుర్తు పట్టేందుకు ఎర్ర గీత కూడా వేస్తున్నారు. కాని అట్టను ముక్కలుగా కత్తిరిస్తే పేరూ పోతుంది, గడువు తేదీ పోతుంది, గీతా పోతుంది.

తప్పంతా షాపుల వారిదే అనడం న్యాయం కాదు. రెండు రోజులకు సరిపడా కొనే స్తోమత లేనివారు, తెల్లారేసరికి పనికి పోవాలని తొందరపెట్టేవారు ఉన్నారు. అయినా పొట్లం మీద మందు పేరు, మిల్లీగ్రాములు తెలుగులో రాసి ఇవ్వడానికి ఖర్చయ్యేది కాస్త సిరా మాత్రమే. రేపు ఆ రోగి పెద్దాసుపత్రికి పోతే, ఏమి వేసుకున్నాడో డాక్టరుకు చెప్పేది ఆ కాగితమే.

కొనేవారు కూడా పేరు అడగనిదే డబ్బు ఇవ్వరాదు. బి.పి., కడుపు పుండు, మూర్ఛ, గర్భం, ఇదివరలో ఏ మందయినా పడకపోవడం ఉంటే ముందే చెప్పాలి. మందు వేసుకున్నాక నల్లటి విరేచనం, రక్తపు వాంతి, మూత్రం తగ్గడం, కళ్ళు పచ్చబడడం, ముఖం వాపు, ఆయాసం, ఫిట్స్ కనిపిస్తే ఆ మందు ఆపి, మిగిలిన మాత్రలతో సహా 108లో ఆసుపత్రికి చేరాలి.

ఔషధ తనిఖీ అధికారులు పట్టణాలతో సరిపెట్టుకోకుండా పల్లెల షాపులను కూడా చూడవలసి ఉంది. నాట్ల కాలంలో ఆరోగ్య కేంద్రంలో సాయంత్రం పూట డాక్టరు ఉంటే కూలీలకు పొట్లం అవసరమే తగ్గుతుంది. పురుగుమందు డబ్బా మీద పేరు చూడనిదే రైతు పొలంలో చల్లడు. కడుపులో వేసుకునే మాత్రకు ఆ పాటి జాగ్రత్త అయినా అక్కరలేదా?