విలుకాడి పచ్చబొట్టు – కుదరని లెక్క

నలుపు, బూడిద రంగుల్లో విల్లెక్కుపెట్టిన విలుకాడు. "ధనూరాశి వాడివి, గురి తప్పవు, ధైర్యం నీ సొత్తు" అని కుర్రాళ్ళకు పచ్చబొట్టు పొడుస్తున్నారు. రక్షణశాఖ పద్దులు చూసి రిటైరైనవాణ్ణి, ఈ పద్దూ చూద్దాం. డిసెంబరు 5న పుట్టినవాడు పాశ్చాత్య జ్యోతిషంలో ధనుస్సు. మన పంచాంగంలో ఆ రోజు సూర్యుడు వృశ్చికంలో. ఖగోళశాస్త్రం ప్రకారం రెండూ కాదు, ఓఫియూకస్ అనే నక్షత్రమండలంలో! ఒక్క సూర్యుడికి మూడు చిరునామాలైతే ధైర్యాన్ని ఏ ఖాతాలో జమ కట్టాలి?

బొమ్మ నచ్చి వేయించుకుంటే మీ ఇష్టం. కానీ ఈ 'వీర చిహ్నం' భుజం మీద ఉంటే సైన్యంలో చేరడమే కష్టం. ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనక తప్ప శాశ్వత పచ్చబొట్టును ఎంపికలో సాధారణంగా ఒప్పుకోరు. ఉద్యోగం పోతే ఆ నష్టాన్ని ఏ జ్యోతిష్కుడు భర్తీ చేస్తాడు?