అపరిమితమునకు పరిమితి

మాటకు అర్థము చెడినచోట వ్యవహారము చెడును. వ్యవహారము చెడినచోట న్యాయము నిలువదు. నేడు మన దేశమందలి అంతర్జాల కంపెనీల ప్రకటనలలో "అన్‌లిమిటెడ్", అనగా "అపరిమితము", అను మాటకెట్టి గతి పట్టినదో పరికించువారికి ఈ సత్యము వేరుగా బోధింపనక్కరలేదు. వీథిగోడలమీదను, పత్రికల పుటలయందును ఈ మాట పెద్ద యక్షరములతో మెరయుచుండును. దాని ప్రక్కన నొక చిన్న నక్షత్రపు గుర్తుండును. ఆ గుర్తు ననుసరించి అడుగున వెదకినచో చీమతలలవంటి యక్షరములలో అసలు సంగతి బయటపడును: నెలకింత డేటా మాత్రమే పూర్తి వేగముతో లభించును; అటుపిమ్మట వేగము తగ్గింపబడును. పరిమితి గలదానికి అపరిమితమని పేరు పెట్టుట ఏ నిఘంటువునకు సమ్మతము? ఏ వర్తకధర్మమునకు సమ్మతము?

ఈ పద్ధతికి కంపెనీలవారు పెట్టుకొన్న పేరు "ఫెయిర్ యూసేజ్ పాలసీ", న్యాయ వినియోగ నియమము. అందలి న్యాయమెంతయో తెలిసికొనుటకు పలక, బలపము చాలును. 2017 మార్చిలో హైదరాబాదు నగరమున సెకనునకు 1 గిగాబిట్టు వేగముగల గృహ కనెక్షనుకు ఘనముగా ప్రారంభోత్సవము జరిగినది. వెల నెలకు 5,999 రూపాయలు. పరిమితి 1 టెరాబైటు. బైటునకు 8 బిట్లు. కావున చెప్పిన వేగమును నిజముగా వాడుకొన్న గృహస్థునకు ఆ నెల వాటా యంతయు 8,000 సెకనులలో, అనగా 2 గంటల 13 నిమిషములలో, హరించిపోవును. 2019 సెప్టెంబరులో దేశమంతట మోతమ్రోగిన మరియొక పథకమున సెకనునకు 100 మెగాబిట్ల వేగమునకు 100 గిగాబైట్లు మూలపరిమితి. తొలినాళ్లకు తాయిలముగా మరి యేబది. ఆ నూరు గిగాబైట్లకును లెక్క మరల అదే 2 గంటల 13 నిమిషములు. పందెపు గుఱ్ఱము నమ్మి, నెలకు రెండు గంటలకంటె దౌడు తీయింపరాదనియు, మిగిలిన దినములు నడిపించుకొని పోవలసినదనియు నిబంధన పెట్టిన వర్తకుని మనవారు మెచ్చుకొందురా?

కాలము కొంత మారిన మాట వాస్తవమే. 2020 సెప్టెంబరు తరువాత పోటీ ముదిరి, నగరములలో పెక్కు ఫైబరు ప్లానులకు పరిమితి నెలకు 3,300 గిగాబైట్లవరకు పెరిగినది. దినమునకు 110 గిగాబైట్లు. సామాన్య కుటుంబమునకిది చాలును. ఈ మేలును మేము కాదనము. కాని యిక్కడనే యొక ప్రశ్న పుట్టుచున్నది. ఆ యెల్లను దాటువారు అంత యరుదైనచో, ఎల్ల కలదని బాహాటముగా చెప్పుటకు జంకేల? లేదా, ఎల్లనే తీసివేయుటకు వెనుదీయనేల? దాచుటలో లాభము లేనిచో దాచువారుండరు గదా.

కంపెనీల పక్షమున చెప్పబడు సమాధానమును కూడ వినుట న్యాయము. తీగ పరిమితమైనది, నూరిండ్లవారు ఒకే దారిని పంచుకొందురు, ఒకరిద్దరు రేయింబవళ్లు దించుకొనుచుండినచో తక్కినవారికి అందదు, కావున హద్దు తప్పదు, అని వారి వాదము. వంతు సంగతి మా ప్రాంతమువారికి క్రొత్తగాదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి గోదావరి మండలపు రైతు కాలువనీటిని పంచుకొనుచునే యున్నాడు. నీరు తక్కువైన యేట వంతులు పెట్టుదురు. ఏ కాలువకు ఏ దినములలో నీరు వదలుదురో ముందుగానే తెలియజేయుదురు. రైతు దానికి తలయొగ్గును. ఏలయన ఆ కొలత అందరి యెదుట చెప్పబడినది, అది కరవుదినములకు మాత్రమే చెల్లునది. నీరు అపరిమితమని చెప్పి శిస్తు కట్టించుకొని, నడిరాత్రి తూము మూసినచో అతడూరకుండునా?

అంతేగాక ఈ హద్దు ఆ రోగమునకు తగిన మందును కాదు. దారి ఇరుకగుట సాయంకాలము ఏడు మొదలు పదకొండువరకు, అందరును ఒక్కమారు తెరలముందు కూర్చుండు వేళ. నెల లెక్కలో హద్దు దాటినవానికి తెల్లవారుజామున, దారి ఖాళీగా నున్నప్పుడు సైతము వేగము బిగించుటవలన పొరుగువానికి కలుగు మేలేమి? అమెరికా దేశమున కాంకాస్ట్ కంపెనీ తన ఖాతాదారులకు నెలకు 1 టెరాబైటు హద్దు పెట్టి, దాటినవారివద్ద అదనపు రుసుము వసూలు చేయుచుండెడిది. 2020 మార్చిలో మహమ్మారి వచ్చి, ఇంటింట పాఠశాలయు కచ్చేరియు వెలసి, వాడుక మునుపెన్నడు లేనంత పెరిగినప్పుడు ఆ కంపెనీయే జూన్ నెలాఖరువరకు హద్దును ఎత్తివేసెను. తీగలు తెగలేదు, దారులు కూలలేదు. రద్దీ మిక్కుటమైన దినములలో అక్కరలేకపోయిన కట్టడి, రద్దీ తగ్గిన పిమ్మట మరల అవసరమయ్యెను! ఇది తీగను కాపాడుటకు పుట్టిన కట్టడియో, పెట్టె నింపుటకు పుట్టిన కట్టడియో చదువరులే నిర్ణయింతురుగాక.

మన ప్రభుత్వమువారు ఈ విషయమున కన్నుమూసికొని యున్నారనుట సరికాదు. టెలికాం నియంత్రణ సంస్థయగు ట్రాయ్ 2012లో ఈ హద్దులను స్పష్టముగా ప్రకటింపవలెనని కంపెనీల నాదేశించెను. 2016 అక్టోబరులో మరియొక యడుగు ముందుకు వేసి, ఖాతాదారుడు తన వాటాలో సగము వాడినప్పుడును, నూటికి 90 పాళ్లు వాడినప్పుడును అతనికి తెలుపవలెననియు, తీగ కనెక్షనులలో హద్దు దాటిన పిమ్మట వేగము సెకనునకు 512 కిలోబిట్లకు తగ్గరాదనియు శాసించెను. ఈ 512 అను సంఖ్య ఎక్కడిది? నాడు బ్రాడ్‌బ్యాండు అనిపించుకొనుటకు వలయు కనీస వేగమే అది. 2004లో ఆ కనీసము 256 కిలోబిట్లు; 2013లో 512; 2023 జనవరిలో 2 మెగాబిట్లు. కొలమానము పెరిగినప్పుడు దానికి కట్టిన రక్షణయు పెరుగవలెను గదా! బ్రాడ్‌బ్యాండునకు వెల చెల్లించినవానికి, నెలలో ఏ దినముననైనను, ప్రభుత్వమే బ్రాడ్‌బ్యాండు కాదని నిర్వచించిన వేగము నిచ్చుట అమ్మిన సరుకును వెనుకకు లాగుకొనుటయే యగును.

ఇంతవరకు చెప్పినది తీగ చేరిన యిండ్ల మాట. తీగ చేరని యిండ్ల మాట యేమి? 2024 నాటికి దేశమున బ్రాడ్‌బ్యాండు కనెక్షనులు 90 కోట్లు దాటినవి. అందు తీగద్వారా వచ్చునవి సుమారు 4 కోట్లు మాత్రమే. కావున కోట్లాది కుటుంబములకు గృహ అంతర్జాలమనగా తండ్రి చేతి ఫోనే. దానికి హద్దు నెలలెక్కను గాదు, దినములెక్కను: ఒకటిన్నర గిగాబైట్లో, రెండో. అది తీరిన పిమ్మట పెక్కు ప్లానులలో వేగము సెకనునకు 64 కిలోబిట్లకు దిగిపోవును. రెండు మెగాబైట్ల పాఠ్యపుట యొకటి తెరచుటకు ఆ వేగమున 250 సెకనులు, అనగా నాలుగు నిమిషములకు పైగా, పట్టును. గత శతాబ్దాంతమున టెలిఫోను తీగకు తగిలించిన మోడెములు 56 కిలోబిట్ల వేగముతో గురగురలాడుచుండెడివి. సాయంకాలము పల్లెటూరి పిల్లవాడు ఒక పాఠము వినినంతనే ఆ కాలమునకు త్రోయబడుచున్నాడు. దీనికి కూడ ప్రకటనలలో "అన్‌లిమిటెడ్" అనియే పేరు. పేరు గొప్ప, ఊరు దిబ్బ యన్న సామెత ఇంతకంటె చక్కగా మరియెక్కడ అతుకును?

ఇది వినోదమునకు కలిగిన లోపమని తేలికగా త్రోసివేయరాదు. 2020లో బడులు మూతపడినప్పుడు చదువంతయు ఈ దారినే నడచెను. పరీక్షల దరఖాస్తు, భూమి అడంగలు, ఆసుపత్రి సమయము, బ్యాంకు లావాదేవి, ఉద్యోగపు పిలుపు, అన్నియు నేడీ దారినే వచ్చుచున్నవి. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, ఒక విద్యార్థిని తెచ్చిన వ్యాజ్యమున, అంతర్జాలమును పొందు హక్కు విద్యాహక్కులో భాగమని తీర్పు చెప్పెను. హక్కనిపించుకొన్న వస్తువును నక్షత్రపు గుర్తుక్రింద దాచియమ్ముట తగునా?

రాష్ట్ర ప్రభుత్వములును తమ బాధ్యతను తలపోయవలెను. 2017 డిసెంబరు 27న ఆంధ్రప్రదేశమున ఫైబర్ గ్రిడ్డును నాటి రాష్ట్రపతి శ్రీ రామనాథ్ కోవింద్ గారు ప్రారంభించిరి. నెలకు 149 రూపాయలకే టెలివిజను, టెలిఫోను, అంతర్జాలము మూడును ఇంటికి చేర్చుటయను ఆ సంకల్పము శ్లాఘనీయము. పల్లెటూళ్ల కరెంటు స్తంభములమీదుగా గాజుతీగ పరచుట సామాన్యకార్యము కాదు. కాని ఆ మొదటి ప్లానులో సెకనునకు 15 మెగాబిట్ల వేగమునకు నెలవాటా 5 గిగాబైట్లు. ఆ వేగమున నది ముప్పావుగంట నిండకమునుపే తీరును. ప్రజాధనముతో పరచిన తీగయందును ప్రైవేటు వర్తకుని కొలపాత్రనే వాడినచో, ప్రభుత్వము ముందు నిలిచి మార్గము చూపినదని యెట్లనగలము?

ఇతర దేశములవారు దీనిని సహించి యూరకుండలేదు. జర్మనీలో డోయిచ్ టెలికాం 2013 ఏప్రిల్‌లో, నిర్ణీత వెలకు ఎంతయైన వాడుకొనవచ్చునన్న కనెక్షనులకే 75 గిగాబైట్లు దాటినంతట 384 కిలోబిట్లకు వేగము తగ్గింతుమని ప్రకటించెను. ప్రజలు కుత్తుక బిగించు కంపెనీ యను భావము వచ్చునట్లు దాని పేరునే మార్చి ఎగతాళి చేసిరి. వినియోగదారుల సంఘము న్యాయస్థానమునకెక్కెను. అదే సంవత్సరము అక్టోబరు 30న కొలోన్ న్యాయస్థానము ఆ షరతు చెల్లదని తీర్పు చెప్పెను. కంపెనీ తన యుద్దేశమును విరమించుకొనెను. హద్దులేదని పేరు పెట్టినచో హద్దు పెట్టరాదు అన్న సామాన్యన్యాయమే అక్కడ గెలిచినది.

కావున మేము కోరునది గొంతెమ్మకోరిక కాదు. మొదటిది: ఎట్టి హద్దుగాని గల ప్లానునకు "అన్‌లిమిటెడ్" అను పేరు నిషేధింపవలెను. హద్దెంతో, హద్దు తరువాతి వేగమెంతో, ప్లాను పేరు వ్రాసినంత పెద్ద యక్షరములతో, ఖాతాదారుని భాషలో వ్రాయవలెను. రెండవది: గృహ కనెక్షను వేగము హద్దు దాటిన పిమ్మటను 2 మెగాబిట్లకు తగ్గరాదు; ఫోను కనెక్షనులకును మోడెము కాలము నాటి 64 కాక, చదువు సాగునంతటి కనీస వేగము నొకదానిని నిర్ణయింపవలెను. మూడవది: వెలయిచ్చి కొన్న డేటా మిగిలినచో మరుసటి కాలమునకు జమకట్టవలెను, కొన్న బియ్యము నెల తిరుగగానే దుకాణమునకు మరలిపోవుట ఏ యూరను లేదు. నాలుగవది: సాయంకాలపు రద్దీవేళ లభించు కనీస వేగమును ముందుగానే ప్రకటింపవలెను. దీపాలవేళకు దక్కని వేగము కాగితముమీద నెంత యున్న నేమి?

శాసనబలము మనకు లేకపోలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము తప్పుదోవ పట్టించు ప్రకటనలకు 10 లక్షల రూపాయలవరకు, మరల చేసినచో 50 లక్షలవరకు జరిమానా విధించు అధికారమును కేంద్ర ప్రాధికార సంస్థకొసగినది. టెలికాం కంపెనీలపై వినియోగదారుడు తన ఫోరమునకు పోవచ్చునని 2022 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు స్పష్టపరచినది. ఆయుధము ఒరలో నున్నది. దూయు చేయి కావలెను.

ఆ చేయి ప్రజలది. 2015లో అంతర్జాలమును ముక్కలుచేసి అమ్మజూచినప్పుడు దేశమునలుమూలలనుండి పది లక్షలకు మించిన లేఖలు ట్రాయ్‌కు చేరెను. 2016 ఫిబ్రవరి 8న వివక్షతోగూడిన డేటా రుసుములు నిషేధింపబడెను. నాడు అంత మహాకార్యము సాధించిన ప్రజలు నేడొక మాటకు దాని యర్థమును తిరిగి యిప్పింపలేరా? ప్రతి గృహస్థుడును తన ప్లాను పత్రమును తెప్పించి చదువవలెను. హద్దెక్కడ నున్నదో వ్రాతమూలముగా నడుగవలెను. సమాధానము రానిచో ఫోరమునకు, నియంత్రణ సంస్థకు వ్రాయవలెను. ఊరూర వినియోగదారుల సంఘములు ఈ పనిని చేపట్టవలెను. కుంచము సరిగానున్నదో లేదో కొనువాడు చూడవలెనన్నది మన సంతలలో అనాదిగా నున్న మర్యాద. కంటికి కనబడని సరుకును కొలుచు కుంచమునకు ఆ మర్యాద మరింత యవసరము.