డాక్టర్ బేటీ అయితే ఫఖర్, నర్స్ బేటీ అయితే ఫికర్

రిష్తా మాటల్లో "అమ్మాయి ఎంబీబీఎస్ చేస్తోంది" అనగానే అవతలివాళ్ల గొంతు మారిపోతుంది. "మాషాఅల్లాహ్" అంటారు, ఇంకో కప్పు చాయ్ తెప్పిస్తారు. అదే "స్టాఫ్ నర్స్" అనండి. ముందు "అచ్ఛా" అంటారు. ఆ తర్వాత "నైట్ డ్యూటీలు ఉంటాయా?" అని అడుగుతారు. వారం తిరిగేసరికి "ఇస్తిఖారా కుదరలేదండీ" అని ఫోనొస్తుంది. ఇస్తిఖారాని ఇలా అడ్డం పెట్టుకోవడం సబబో కాదో ఉలమాలు చెప్పాలి, నేను చెప్పను.

మా ఖాలా కూతురు ఇరవై రెండేళ్లుగా సర్కారు దవాఖానాలో స్టాఫ్ నర్స్. మేమంతా ఆపా అంటాం. మాట్లాడటం మొదలుపెడితే ఒక చోట నిలవదు. ఇన్సులిన్ దగ్గర మొదలై ఇబ్నె సఫీ ఇమ్రాన్ సిరీస్ మీదికి, అక్కణ్ణించి నిన్నటి ఖబర్ల మీదికి వెళ్తుంది. జాసూసీ నవలలంటే ఆమెకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. "మరీజ్ అబద్ధమాడితే పట్టుకోవడం ఇమ్రానే నేర్పాడు" అంటుంది. నవ్వులాట కాదు. "గోలీలు మింగేశా బేటీ" అనే చాచా దిండు కింద నుంచి మాత్రల పట్టీ తీసి లెక్కపెట్టేది ఆమే. డాక్టర్ సాబ్‌కి అంత తీరిక ఎక్కడిది?

రంజాన్ వస్తే ఆపాకి ఇంటిదగ్గరా డ్యూటీనే. షుగర్ ఉన్న పెద్దవాళ్లు రోజాలో కళ్లు తిరుగుతున్నా ఎవరికీ చెప్పరు. వేలికి సూది గుచ్చి రక్తం చూసుకుంటే రోజా పోతుందని భయం. పోదు. ఉలమాలూ డాక్టర్లూ కలిసి చెబుతున్న మాటే ఇది. షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా ఇఫ్తార్ దాకా ఆగకుండా రోజా విరమించాలి. సూరా బఖరా 184, 185 ఆయతుల్లో బీమార్లకు వేరే రోజుల్లో పూర్తి చేసుకునే వీలు ఉండనే ఉంది. "చాచా, అల్లాహ్ ఇచ్చిన రుఖ్సత్‌ని మీరెందుకు తిప్పి పంపుతున్నారు?" అని ఆపా అడిగితే ఎంత మొండివాళ్లయినా మెత్తబడతారు. సహరీకి ఏ మోతాదు, ఇఫ్తార్‌కి ఏ మోతాదు అన్నది రంజాన్‌కు ముందే డాక్టర్‌ని అడగాలని వెంటపడి పంపిస్తుంది.

ఈ మాటలన్నీ ఆమె చెప్పేది మన ఇళ్లలో మాట్లాడే దక్కనీలో. తెలుగు అంతంతమాత్రం, ఇంగ్లిష్ అసలే రాని మన నానీలకు, దాదీలకు దవాఖానాలో అలాంటి గొంతు ఒక్కటి వినిపిస్తే సగం గాభరా తగ్గుతుంది. పర్దా సంగతి సరేసరి. కాన్పు గదిలో, డ్రెస్సింగ్ దగ్గర మన ఆడవాళ్లకు లేడీ నర్సే కావాలంటాం. ఆ నర్సు మాత్రం వేరేవాళ్ల ఇంటి ఆడపిల్ల అయుండాలి! ఇదేం ఇన్సాఫ్?

ఉర్దూ మీడియంలో చదువుకున్న మాకు తీమార్దారీ అనే మాట తెలుసు. రోగి పక్కన కూర్చుని ఖిద్మత్ చేయడం. ఎంత ఇజ్జత్ ఉన్న మాట! 627లో ఖందక్ జంగ్‌లో సాద్ బిన్ ముఆజ్ (రజి) గాయపడితే హుజూర్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆయన్ని రుఫైదా (రజి) ఖైమాలో ఉంచారు. ఆ ఖైమా మస్జిదె నబవీలో ఉండేది. అటు వెళ్లినప్పుడల్లా పొద్దునా సాయంత్రం హాల్ అడిగేవారు. జుమా బయాన్‌లో రుఫైదా (రజి) పేరు మీరు ఎన్నిసార్లు విన్నారు?

కడప, రాయచోటి వైపు నుంచి ఎందరో మన ఆడవాళ్లు కువైట్ వెళ్లి అరబ్బుల ఇళ్లలో ఖద్దామా పని చేస్తున్నారు. వాళ్ల కష్టం మీద ఇక్కడ ఇళ్లు లేచాయి, చెల్లెళ్ల నికాహ్‌లు అయ్యాయి. నేను వాళ్లను తక్కువ చేయడం లేదు. అదే గల్ఫ్‌లో కేరళ అమ్మాయిలు నర్సులుగా వెళ్లి యూనిఫాంలో, అకామాతో, నెలనెలా జీతంతో తలెత్తుకు తిరుగుతున్నారు. ఇంటర్ తర్వాత జీఎన్ఎం మూడేళ్లు, బైపీసీ చదివితే బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. చేర్చే ముందు కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి, బోర్డు మీద రాసింది నమ్మకండి.

నైట్ డ్యూటీ భయం ఉత్తది కాదు. 1973లో ముంబైలో అరుణా శాన్‌బాగ్ అనే నర్సు మీద ఆమె పనిచేసే హాస్పిటల్‌లోనే దాడి జరిగింది. నలభై రెండేళ్లు మంచం మీదే ఉండి 2015లో కన్నుమూసింది. 2024 ఆగస్టులో కోల్‌కతాలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మాయిని చంపేశారు. ఆ రోజుల్లో ఆపా మాట తీరే మారిపోయింది. "తలుపుకి గొళ్లెం ఉన్న రెస్ట్ రూం అడిగి ఎన్నేళ్లయింది!" అంది. చనిపోయింది డాక్టర్ అని, మన బేటీలను డాక్టర్ చదువు మాన్పించామా? లేదు. మరి ఆ భయం నర్సు దగ్గరే ఎందుకు గుర్తొస్తుంది? గొళ్లెం, లైటు, కాపలా, రాత్రి బండి కావాలని హాకిములను అడగాల్సింది మనం. నర్సుల ధర్నాలో బిరాదరీ పెద్దలు ఒక్కరైనా కూర్చోగా నేను చూడలేదు.

ఆపా పెద్దమ్మాయి ఈ ఏడు ఇంటర్ బైపీసీ. నీట్ రాయనంటోంది, బీఎస్సీ నర్సింగే కావాలట. ఆపా ఖుషీగానే ఉంది. పిల్ల ఫుప్పు మాత్రం రోజూ ఫోన్ చేసి "ఫార్మసీలో చేర్పించండి, కనీసం రిష్తాలైనా వస్తాయి" అంటోంది. ఫీజు కట్టడానికి ఇంకా పది రోజులు గడువుంది.