పెరటి మామిడి

పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదని సామెత. ఏలూరు, తాడేపల్లిగూడెము వంటి పట్టణములలో నేడది నీడకు సైతము పనికిరానిదైనది. పాతయిల్లు పడగొట్టి అంతస్తులు లేపునపుడు మొదటి గొడ్డలివేటు మామిడిపైననే పడుచున్నది. అంటుమొక్క నాలుగైదేండ్లలో కాపునకు రావచ్చును గాని, కూలిన చెట్టు నీడ అంత త్వరగా రాదు.

చెట్టు మిగిలిన యిండ్లలోనైనను దానిని వాడుకొను తెలివి సన్నగిల్లినది. కొమ్మ కుదుపుట, రాళ్లు రువ్వుట - ఇదియే కోతయని భ్రాంతి. నేలబడిన కాయ పైకి బాగుగనే కనిపించినను లోన కమిలి, పండకమునుపే కుళ్లును. వెదురుగడ కొనకు వలసంచి కట్టిన చిక్కముతో, నాలుగంగుళముల తొడిమ నిలుచునట్లు కోయవలెను. తొడిమ మొదలంట విరిగినచో సొన చిమ్మి తొక్కపై మచ్చలు పడును. చర్మమునకు తగిలిన పొక్కును. కోసినవెంటనే ముచ్చిక క్రిందికుండునట్లు బోర్లించిన సొన కారిపోవును. పిమ్మట ఎండుగడ్డిలో మగ్గవేయుదురు. పండుచున్న కాయ వెలువరించు ఎథిలీను వాయువు గడ్డిలో నిలిచి తక్కినవానిని పండించును. మన అమ్మమ్మలకు ఆ వాయువు పేరు తెలియదు. దాని పని తెలియును. కార్బైడుతో మాగించుటను 2011 నాటి ఆహారభద్రతా నిబంధనలు నిషేధించినవి. బజారులోని గంపలన్నియు ఆ మాట విన్నట్లు తోచదు.

చెట్టు ఇచ్చినదేదియు వ్యర్థము కాదు. గాలికి రాలిన కాయ పప్పులోనికి, టెంక ముదిరిన పుల్లకాయ ఆవకాయకు, ఎండిన ముక్కలు ఒరుగులై వానకాలపు పులుసునకు, మిగులుపండ్ల రసము చాపపై పొరలుపొరలుగా ఎండి తాండ్రకు. 2022 నుండి ఏలూరు జిల్లాలోనిదైన నూజివీటి చిన్నరసము మాత్రము కత్తిని కోరదు. పిసికి పీల్చుటయే దాని మర్యాద. కొల్లేటి లంకలలో నీరు నిలుచు నేల మామిడికి గిట్టదు. అచ్చట మెరకయూరి చుట్టము తెచ్చిన నాలుగుపండ్ల విలువయే వేరు.

చిక్కము, సొన, ముచ్చిక, దోర, ఒరుగు - ఈ మాటలను ఉపాధ్యాయులు నిఘంటువు చూచి చెప్పవచ్చును. సొన మంట ఎట్టిదో నిఘంటువు చెప్పజాలదు. వెంకటరామన్నగూడెములో 2007లో వెలసిన ఉద్యాన విశ్వవిద్యాలయము తాడేపల్లిగూడెమునకు చేరువలోనే యున్నది. వేసవి సెలవులకు ముందొకదినము పిల్లలనచటికి కొనిపోవుట మంచిది. అది కుదరనిచో బడిప్రాంగణములోని చెట్టే చాలును. మార్కులు లేని పాఠమని కొందరు సంకోచింతురు. ఒక్క చెట్టునకు ఏబదిమంది పిల్లలా యని మరికొందరందురు. చిక్కము పట్టువాడొక్కడైనను, క్రింద గోనె పట్టుటకు నలుగురు, కాయలు బోర్లించుటకు పదిమంది, గడ్డి పరచుటకు మరికొందరు కావలెను గదా!