పల్లె గృహరుణానికి గీత ఎక్కడ?

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఏమ్స్ అనే చిన్న నగరం ఉంది. 2020 లెక్కల ప్రకారం జనాభా 66 వేల పైచిలుకు. అయోవా స్టేట్ యూనివర్సిటీ అక్కడే ఉంది. తూర్పుగా కారులో కొద్ది నిమిషాలు వెళితే ఏడు వేలకు మించని జనాభాతో నెవాడా పట్టణం వస్తుంది. ఏమ్స్‌లో ఉద్యోగం చేస్తూ నెవాడాలో ఇల్లు కొనుక్కునే మధ్యతరగతి కుటుంబానికి అమెరికా వ్యవసాయ శాఖ పూచీకత్తుతో, డౌన్ పేమెంట్ లేకుండా గృహరుణం దొరికే వీలుంది. ఏమ్స్ నగరంలో కొంటే ఆ వీలు లేదు.

ఈ రుణాలకు మూలం 1949 నాటి గృహనిర్మాణ చట్టంలోని 502వ సెక్షన్. అప్పు బ్యాంకు ఇస్తుంది. 90 శాతం వరకు పూచీ ప్రభుత్వం పడుతుంది. వ్యవసాయ శాఖ పేరు చూసి ఇది రైతుల పథకమని చాలామంది పక్కన పెట్టేస్తారు. నిజానికి ఆదాయం తెచ్చే సాగు కమతాలకు ఈ రుణం వర్తించదు. సొంతంగా కాపురం ఉండే ఇంటికే ఇస్తారు.

లాభం ఎంతో ఒక లెక్క చూద్దాం. రెండున్నర లక్షల డాలర్ల ఇంటికి ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ (ఎఫ్‌హెచ్‌ఏ) బీమా ఉండే రుణం తీసుకుంటే కనీసం మూడున్నర శాతం, అంటే 8,750 డాలర్లు ముందే చేతిలో ఉండాలి. వ్యవసాయ శాఖ రుణంలో ఆ సొమ్ము అక్కర్లేదు. ఒక శాతం పూచీ రుసుము 2,500 డాలర్లను అప్పులోనే కలుపుకోవచ్చు. ఏటా కట్టే 0.35 శాతం రుసుము మొదటి ఏడాది నెలకు 73 డాలర్ల చిల్లర పడుతుంది.

చిక్కంతా ‘గ్రామీణం’ అన్న నిర్వచనంలో ఉంది. పల్లె స్వభావం ఉండి, నగరంలో కలిసిపోకుండా, పది వేల లోపు జనాభా ఉన్న ఊళ్లు మామూలుగా ఇందులోకి వస్తాయి. మహానగర పరిధికి బయట, గృహరుణాలు సరిగా దొరకని చోట 20 వేల దాకా అనుమతి ఉంది. అప్పటికే గ్రామీణంగా గుర్తింపు ఉన్న పట్టణాలకు 2014 వ్యవసాయ చట్టం 35 వేల వరకు వెసులుబాటు ఇచ్చింది.

అందుకే ఇల్లు వెతికేవారు ఊరి పేరు నమ్ముకుంటే సరిపోదు. పోస్టల్ చిరునామాలో నగరం పేరు ఉన్నా ఇల్లు అర్హత ఉన్న ప్రాంతంలో ఉండొచ్చు. వ్యవసాయ శాఖ వెబ్‌సైట్‌లోని మ్యాప్‌లో ఇంటి నంబరుతో సహా చిరునామా కొట్టి చూడాలి. రంగు పూసిన భాగంలో పడితే అర్హత లేనట్టే.

ఇల్లు అర్హమైనా కుటుంబం కాకపోవచ్చు. ఆదాయం ఆ ప్రాంత మధ్యస్థ ఆదాయంలో 115 శాతం దాటకూడదు. ఇందులో రుణం తీసుకునేవారి జీతంతో పాటు ఆ ఇంట్లో ఉండే పెద్దవాళ్లందరి సంపాదననూ కలుపుతారు. ఉద్యోగం చేసే తమ్ముడు అన్న ఇంట్లోనే ఉంటే అతని జీతమూ లెక్కలోకి వస్తుంది. హెచ్-1బీ వీసా మీద ఉన్నవారికి ఈ రుణం రాదు. గ్రీన్‌కార్డు లేదా పౌరసత్వం ఉన్నవారు ప్రయత్నించవచ్చు. అక్కడి తెలుగు కుటుంబాలు ముందుగా తేల్చుకోవలసిన సంగతి ఇదే.

ఇక ఇంటి స్థితి. ఊరికి దూరంగా ఉన్న ఇళ్లకు నీళ్లు సొంత బోరు నుంచి వస్తాయి, మురుగు సెప్టిక్ ట్యాంకులోకి పోతుంది. బోరు నీళ్లు పరీక్షలో నెగ్గాలి. పైకప్పు కారుతున్నా, కరెంటు వైరింగు ప్రమాదకరంగా ఉన్నా బాగుచేయించాలి. చవగ్గా దొరికే పాత ఇళ్లు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. బ్యాంకు ఒప్పుకున్నాక ఫైలు వ్యవసాయ శాఖకూ వెళ్లి రావాలి కాబట్టి, తొందరలో ఉన్న అమ్మకందారు వేరే బేరం చూసుకునే ప్రమాదమూ ఉంది.

నగరం పక్కన ఊరు పెరిగి, ఇళ్ల ధరలు ఎగబాకే వేళకే జనాభా పరిమితి అడ్డొస్తుంది. సాయం ఎక్కువ కావలసిన సమయంలోనే తలుపు మూసుకోవడం న్యాయం కాదు. జనాభాతో పాటు స్థానిక జీతాలకూ ఇళ్ల ధరలకూ మధ్య అంతరాన్ని కూడా అర్హతకు కొలమానంగా తీసుకోవాలి. పాత ఇళ్ల మరమ్మతు ఖర్చును ఈ రుణంతోనే తేలిగ్గా కలిపి ఇచ్చే ఏర్పాటును బ్యాంకులు విరివిగా అమలు చేయాలి.